వజీరు చెప్పని ఊరు

పుంగనూరు బస్టాండు వెనక సందులో అబ్దుల్ రహీం పరుపుల అంగడి. మధ్యాహ్నం పూట దూది ఏకే మిషను మోత ఆగిందంటే లోపల చదరంగం మొదలయిందని ఆ సందు వాళ్లందరికీ తెలిసిపోయేది. మోత ఆగినాక దూది మూటల మధ్య నుంచి అప్పుడప్పుడు ఒకే ఒక మాట బయటికొచ్చేది. "వజీరు." మళ్లీ ఏమీ ఉండదు. కాసేపటికి మళ్లీ "వజీరు." పక్కనున్న సైకిల్ షాపు వాడికి అది గోడ గడియారం గంట కిందే లెక్క, తల కూడా తిప్పడు. ఆ మాట ఎవరికి చెప్పేదో ఆ ఆదెప్పకు సైతం అది విన్నట్టు తెలిసేది కాదు. ఎద్దు అదిలింపుకు పక్కకు తిరిగినట్టు, చెయ్యి దాని పని అది చేసుకుపోయేది.

ఆదెప్ప పట్టుగూళ్ల వ్యాపారి. పొద్దున్నే మదనపల్లె మార్కెట్టుకు పోయి గూళ్లు కొని, పుంగనూరులో దారం తీసేవాళ్లకు వేసి, మధ్యాహ్నానికి చేతులు కడుక్కునేవాడు. కుప్పలో చెయ్యి పెట్టి నాలుగు గూళ్లు నొక్కి చూస్తే చాలు, ఏ రైతు పురుగులకు సరిగ్గా మేత వేశాడో, ఎవడు ఎగ్గొట్టాడో చెప్పేస్తాడని పేరు. డిగ్రీ దాకా చదివినా ఆయన నమ్మకమంతా ఆ వేళ్ల మీదే.

చదరంగం మాత్రం చదువుతో వచ్చింది కాదు. ఇరవై ఏళ్లప్పుడు రహీం దగ్గర, ఈ అంగట్లోనే నేర్చుకున్నాడు. వేరే చోట ఆడిందీ లేదు. రహీం మంత్రిని తన ఇంటి భాషలో వజీరు అంటాడు. వాళ్ల నాయన దగ్గర్నుంచి వచ్చిన మర్యాద ఒకటుంది. రాజుకు చెక్ చెప్పినట్టే, మంత్రి మీదికి పోయినప్పుడు కూడా నోరు తెరిచి చెప్పాలి. ఎదుటివాడు చూసుకోక తన మంత్రిని తీసుకొచ్చి మన నోటి ముందర పెట్టినా సరే, చెప్పాలి. అతను వెనక్కి తీసుకుని ఇంకో ఎత్తు వేసుకుంటాడు. చెప్పకుండా మంత్రిని కొట్టడమంటే పక్కింటివాడు కునుకు తీస్తుండగా వాడి ఆవును విప్పుకుని పోయినట్టే. ఆదెప్పకు ఇది పద్ధతి అని కూడా తెలియదు. అన్నం కుడిచేత్తో తిన్నట్టు, ఆట అంటే ఇదే అనుకున్నాడు.

ఆడిన ఆటను రాసుకునే అలవాటు ఆయనకుంది. ఇంగ్లీషు పేపర్లో ఆదివారం వచ్చే చదరంగం కాలమ్ చూసి రాత నేర్చుకున్నాడు. మార్కెట్టులో ఇచ్చే చీటీల వెనక ఎత్తు పక్కన ఎత్తు రాసుకుంటూ పోయేవాడు. ఎత్తు ఖాయమయినాకే రాసేది. వెనక్కి తీసుకున్నది ఎత్తే కాదు గదా, దాన్ని రాసుకుని ఏం చేస్తారు.

రెండు వేల నాలుగులోనో ఐదులోనో, మదనపల్లెలో బెంగళూరు రోడ్డు మీద మాలతి కంప్యూటర్ సెంటరు పెట్టింది. మాలతి ఆదెప్ప పెండ్లాం ఈశ్వరమ్మకు చెల్లెలి కూతురు. బెంగళూరు నుంచి ఆమె తెప్పించుకున్న సీడీల్లో చదరంగం ఆడే ప్రోగ్రాము ఒకటి వచ్చింది. ఒకసారి ఆడి చూడమని పెదనాయనను కూర్చోబెట్టింది. మొగం లేనిదాంతో ఆటేందని ఆదెప్ప ఒప్పుకోలేదు. అయితే ఆడొద్దులే, ఆడేసిన ఆటను ఇందులోకి ఎక్కిస్తే ఏ ఎత్తు మంచిదో ఏది చెడ్డదో అదే చెబుతుందని మాలతి అనేసరికి ఆయన చెయ్యి జేబులోకి పోయింది. తను గెలిచిన ఆటల చీటీలే బయటికొచ్చాయి.

మాలతి ఎత్తులన్నీ టైపు కొట్టి మిషనును లెక్కకు వదిలిపెట్టింది. ఆదెప్ప టీ తాగి వచ్చేసరికి ప్రింటు సిద్ధంగా ఉంది. తప్పుగా పడిన ఎత్తు పక్కన ప్రశ్న గుర్తు ఒకటి, ఘోరమైన తప్పయితే రెండు పెట్టింది మిషను. కోళ్లకు గింజలు చల్లినట్టు ప్రశ్న గుర్తులు. అన్నీ రహీం వైపే. మంత్రి వెంటబడి గుర్రాలను ఊరికే తిప్పుతాడు, చేతికి అందిన మంచి ఎత్తులు వదిలేస్తాడు, అని దాని ఫిర్యాదు. ఆదెప్ప వైపు చూస్తే కడిగిన పళ్లెం. యాడో ఒక మూల ఒక గుర్తు.

ఇంకో చీటీ ఎక్కించారు. అదీ అంతే. ఆ మరుసటి వారం ఇంకొన్ని. అన్నీ అంతే.

ఆదెప్పకు సంతోషం కంటే ముందు తికమక పుట్టింది. రహీం గెలిచినంత సులభంగా తను ఎప్పుడూ గెలవలేదు. ఆట చేతిలో ఉన్నది రహీముకే అని లోపల్లోపల ఒప్పుకునే ఆడుతూ వచ్చాడు. మరి ఈ కడిగిన పళ్లెం ఎవరిది? పేర్లు తారుమారు చేసి కొట్టినావేమో చూడమని మాలతిని అడిగాడు. ఆమె చీటీ పక్కన పెట్టుకుని మళ్లీ చూసింది. తారుమారు కాలేదు.

"ఇంత బాగా ఆడతావా పెదనాయనా నువ్వు?" అంది. "టోర్నమెంట్లకు యాల పోవు?"

కుప్పంలో రెండు వారాల్లో ఒక పోటీ ఉందని చెప్పి పేరు కూడా ఆమే రాయించింది. పొగడ్త అనేది పెసరపప్పు మాదిరి, నానేకొద్దీ ఉబ్బుతుంది. మదనపల్లె నుంచి పుంగనూరు చేరేలోగానే అది ఆదెప్ప లోపల బాగా నానింది. బస్సు దిగి నేరుగా పరుపుల అంగడికి పోయి, ప్రింటు కాయితాలు దూది మూట మీద పరిచాడు.

రహీముకు ఇంగ్లీషు రాదు. కాయితాన్ని దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"ఈ కొక్కేలన్నీ ఏందప్పా?"

"తప్పులన్నా. యాడ తప్పు పడితే ఆడ పెడతాది."

"అన్నీ నావేనా?"

"నీవే."

"నీకు లేవా?"

"ఒకటో రెండో ఉండాయిలే."

రహీం కాయితాలను ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి ఆదెప్ప చేతికిచ్చాడు. కోపం తెచ్చుకోలేదు. అదే ఆదెప్పకు ఇబ్బంది అనిపించింది.

"ఆ మిషను మన అంగట్లో కూర్చోని సూసిందా ఆదెప్పా?"

"సూడాల్సిన పనిల్యా. చీటీ ఉంటే సాలు దానికి."

"అయితే చీటీతోనే ఆడుకో పోప్పా," అని రహీం చదరంగం బల్లను మడిచి, బూరుగు దూది మూటల పైన, నిచ్చెన వేస్తే తప్ప అందని చోట పెట్టేశాడు.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం దూది మిషను ఆగలేదు. ఆ పై రోజూ ఆగలేదు. ఆదెప్ప ఆ సందు మొగదల దాకా పోయి, మోత విని, వెనక్కి వచ్చేవాడు. ఇంట్లో ఈశ్వరమ్మ, చెరువు మీద అలిగి కడుక్కోకుండా వచ్చినోని మాదిరి ఆ మొగమేందని అడిగింది. ఆదెప్ప మనసులో లెక్క ఒకటి వేసుకున్నాడు. కుప్పంలో గెలిస్తే మిషను మాట నిజమని తేలుతుంది. తను ఆటగాడేనని తేలుతుంది. అప్పుడు రహీం కూడా, సరేలే, నువ్వు నిజంగానే పెద్దోడివయినావు అని నవ్వి బల్ల కిందికి దించుతాడు. ఓడితే ఏమవుతుందన్నది ఆ లెక్కలో లేదు.

కుప్పంలో పోటీ ఒక కల్యాణ మండపంలో. పెండ్లి భోజనాల బల్లల మీద బోర్డులు పరిచారు, పక్కన ఎత్తుల టైము లెక్కపెట్టే గడియారాలు పెట్టారు. ఆదెప్పకు ఎదురుగా పడిన మొదటి మనిషి కుప్పుస్వామి, రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆట మొదట్లో ఆదెప్ప చెయ్యి బాగానే నడిచింది. కాసేపటికి మంత్రిని తీసి ముందుకు పెట్టాడు. పెట్టి, దాని మీద వేలు తియ్యకుండా కుప్పుస్వామి మొగం చూశాడు. ఎందుకు చూశాడో ఆయనకే తెలియదు. కుప్పుస్వామి పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు. ఆదెప్ప ఇంకాసేపు వేలు ఉంచాడు. ఏమీ రాలేదు. సరేనని వేలు తీసి గడియారం నొక్కాడు.

కుప్పుస్వామి ఏనుగు మూల నుంచి జారుకుంటూ వచ్చింది. ఆదెప్ప మంత్రి బోర్డు పక్కకు పోయింది.

"చెప్పల్యా?" అన్నాడు ఆదెప్ప.

"ఏం సెప్పాల సార్?"

"మంత్రికి చెప్పల్యా నువ్వు."

కుప్పుస్వామి అటూ ఇటూ చూసి చెయ్యెత్తాడు. అంపైరు గోపాలస్వామి వచ్చాడు. రిటైరయిన లెక్కల అయ్యవారు, మెల్లగా మాట్లాడే మనిషి. ఆదెప్ప జరిగిందంతా చెప్పి, ఎత్తు వెనక్కి ఇప్పించమన్నాడు. గోపాలస్వామి ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. రాజుకే చెక్ అని నోటితో చెప్పాల్సిన అవసరం లేదనీ, ఇక మంత్రికి చెప్పేదేమిటో తను పుట్టి బుద్ధెరిగినాక వినలేదనీ, అసలు ఆట మధ్యలో ఎదుటివాడితో మాట్లాడటమే తప్పనీ, ఇంకోసారి నోరు తెరిస్తే ఆట పోతుందనీ చెప్పి వెళ్లిపోయాడు.

ఆదెప్ప ఓడిపోయాడు. ఓడిపోవడం ఒక ఎత్తు. ఇంతమంది పెద్దమనుషులు కూర్చున్న మండపంలో పట్టపగలు ఒకడు చెప్పకుండా మంత్రిని ఎత్తుకుపోతే అడిగేవాడు లేకపోవడం ఇంకో ఎత్తు.

రెండో ఆట హనుమంతుతో. పలమనేరు నుంచి వచ్చిన మందుల కంపెనీ మనిషి. ఈసారి హనుమంతు మంత్రే ఆదెప్ప గుర్రానికి ఎదురుగా వచ్చి నిలబడింది. కొట్టేస్తే ఆట అయిపోయినట్టే. ఆదెప్ప చెయ్యి కదల్లేదు. నోరు తెరవకూడదు గాబట్టి వేలితో బల్ల మీద తట్టి, హనుమంతు మంత్రిని చూపించాడు. హనుమంతుకు అర్థం కాలేదు. మళ్లీ చూపించాడు. హనుమంతు ఇదేదో మాయ అనుకుని గోపాలస్వామిని పిలిచాడు. అయ్యవారు వచ్చి, ఇది మీకు ఆఖరి హెచ్చరిక అన్నాడు. మంత్రి మీదికి పోయి చెప్పకుండా కొట్టడం తన వల్ల కాక ఆదెప్ప ఇంకేదో ఎత్తు వేశాడు. హనుమంతు గబాలున మంత్రిని తప్పించుకున్నాడు. పది నిమిషాల తర్వాత ఆదెప్ప మంత్రిని నవ్వుతూ కొట్టేశాడు కూడా.

మూడో ఆటలో అంబిక అని కాలేజీ లెక్చరరు. కూర్చోగానే నమస్కారం చేసింది, నీళ్లు కావాలా సార్ అని అడిగింది. ఆదెప్పకు ప్రాణం లేచొచ్చింది. ఇంత మర్యాద తెలిసిన మనిషి, చెప్పకుండా ఉంటుందా అనుకున్నాడు. మంత్రిని పెట్టి, వేలు ఉంచి, ఆమె మొగం చూశాడు. ఆమె కూడా మర్యాదగా ఆయన మొగం చూసింది. వేలు తీశాడు. ఆమె మంత్రిని తీసుకుని, "సారీ సార్," అంది.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న మనిషితో, కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే ఊరు, అందుకే ఒక పద్ధతీ పాడూ లేదని చెప్పుకుంటూ వచ్చాడు. వి.కోట దాటేదాకా అది నిజమేననిపించింది. పలమనేరు దగ్గర అనుమానం మొదలయింది. హనుమంతు పలమనేరు వాడే గదా. పుంగనూరు వచ్చేసరికి కళ్లకేమన్నా పొర వచ్చిందేమో చూపించుకోవాలని అనుకుంటున్నాడు.

మరుసటి రోజు కుప్పం ఆటలు మాలతి మిషనులోకి ఎక్కాయి. ఈసారి గింజలన్నీ ఆదెప్ప వైపే పడ్డాయి. రెండేసి గుర్తులు, పక్కపక్కన.

"దీనికి వైరస్సేమన్నా పట్టిందా అమ్మా?" అన్నాడు ఆదెప్ప.

మాలతి అటూ ఇటూ చూసి, కొత్తగా ఇంకో కంప్యూటర్లో సీడీ వేసి పాత చీటీలూ కొత్త చీటీలూ రెండూ మళ్లీ ఎక్కించింది. పుంగనూరులో ఆడిన ఆదెప్ప కడిగిన పళ్లెం. కుప్పంలో ఆడిన ఆదెప్ప ఎంగిలాకు. మిషను రెండింటికీ ఒకే నమ్మకంతో చెబుతోంది. వాళ్లిద్దరూ ఒకే మనిషని దానికి తెలియదు. ఆ మాటకొస్తే ఆదెప్పకు కూడా గట్టిగా తెలియలేదు.

మాలతికి ఎత్తులు తెలుసు. కాసేపు ఆలోచించి, "పెదనాయనా, రహీం మామతో ఎట్లా ఆడతావో అట్లే నాతో ఆడు," అని బోర్డు తెచ్చి ఎదురుగా కూర్చుంది.

కొన్ని ఎత్తులు నడిచాయి. ఆదెప్ప మంత్రిని తీసి ముందుకు పెట్టాడు. వేలు దాని మీదే ఉంది. కళ్లు మాలతి మొగం మీద ఉన్నాయి.

"నా మొగం యాల సూస్తావు?"

"యాడ సూసినా?"

"ఇప్పుడు సూస్తానే ఉండావు గదా. బోర్డు సూడు పెదనాయనా. నా బంటు ఆడనే ఉండాది, నీ మంత్రిని తినేస్తాది."

ఆదెప్ప బోర్డు చూశాడు. బంటు ఆడనే ఉంది, కంటి ముందర. చెయ్యి గబుక్కున మంత్రిని వెనక్కి లాక్కుంది. వెనక్కి లాక్కున్నాక, ఆ చెయ్యి ఈ పని ఎన్ని వేల సార్లు చేసిందో అప్పుడు గుర్తుకొచ్చింది. "వజీరు," అన్నాడు నోట్లోనే.

ఏందని అడిగితే మెల్లగా అంతా చెప్పాడు. మాలతి నవ్వలేదు. పాత చీటీ ఒకటి తీసి, ఇందులో రహీం మామ ఎన్నిసార్లు ఆ మాట అన్నాడు, నువ్వు ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నావు అని అడిగింది. ఆదెప్ప చీటీని తిప్పి తిప్పి చూశాడు. చీటీలో ఎత్తులే ఉన్నాయి.

"మరి ఇందులో నీ ఎత్తులేవి, ఆయన ఎత్తులేవి?"

ఆ సంగతి మిషనునే అడుగుదామా అని ఆదెప్ప ఒక క్షణం నిజంగానే అనుకున్నాడు. తర్వాత, అది అంగట్లో కూర్చుని చూడలేదు గదా అని గుర్తుకొచ్చి లేచిపోయాడు.

పరుపుల అంగడి ముందర బద్రున్నీసా కూర్చుని దిండు గలీబులు కుడుతోంది. రహీం పెండ్లాం. ఆదెప్పను చూసి సూది ఆపలేదు.

"వస్తివా అప్పా," అంది. "నువ్వు రాకుండా పోయినాక మా ఆయప్ప దూది మూటలకు చెప్తా ఉండాడు వజీరని."

లోపల రహీం మిషను ఆపాడు. కుప్పంలో ఏమయిందని అడగలేదు. ఆదెప్పే చెప్పాడు, కుప్పుస్వామి సంగతి, హనుమంతు సంగతి, సారీ చెప్పిన అంబిక సంగతి. చెప్పకుండా కొట్టారని వినగానే రహీం రెండు చెవులూ పట్టుకున్నాడు.

"ముగ్గురూనా?"

"ముగ్గురూ. అదే ఆటంట అన్నా. మనం ఆడేదే ఆట కాదంట."

రహీం మొగం చిన్నబోయింది. చెప్పకుండా మంత్రిని కొట్టి గెలిచేదానికి బదులు దొంగతనానికి పోవచ్చు గదా, దాంట్లో లాభమన్నా ఉంటాది అన్నాడు. చెప్పి, వాడు సర్దుకుని, అప్పుడు కూడా గెలిస్తేనే గెలుపని వాళ్ల నాయన చెప్పేవాడట.

"అయితే అన్నా, నేను గెలిచినవి ఎవరివి?"

"నీవే. నేను చెప్పినా, నువ్వు కాపాడుకుంటివి."

"నువ్వు చెప్పకుండా ఉంటే?"

"చెప్పకుండా యాల ఉంటా?"

"ఉంటే అంటున్నా."

"ఉండను గదా."

ఆ మాట అక్కడే గానుగెద్దు మాదిరి తిరిగింది. రహీముకు అందులో చిక్కే కనపడలేదు. ఆదెప్పకు చిక్కు తప్ప ఇంకేమీ కనపడలేదు. చివరికి ఒక్క ఆట, ఒక్కటంటే ఒక్కటి, నోరు తెరవకుండా ఆడమని బతిమాలాడు. తను ఆటగాడో కాదో తెలుసుకోకపోతే మార్కెట్టులో గూళ్లు నొక్కి చూసేదానికి కూడా వేళ్ల మీద నమ్మకం పోయేటట్టుందన్నాడు. అది మాత్రం రహీముకు అర్థమయింది. నిచ్చెన వేసుకుని బల్ల దించాడు. కూర్చునే ముందు, నన్ను నేను నమ్మలేనప్పా అని, దవడ నిండా ఆకూ వక్కా పెట్టుకున్నాడు.

ఆట మొదలయింది. సైకిల్ షాపు వాడు మోత ఆగడం విని, తర్వాత ఏమీ వినపడకపోయేసరికి ఒకసారి తొంగి చూసి పోయాడు. బద్రున్నీసా కూడా కుట్టేది ఆపింది. ఆదెప్ప చెయ్యి మంత్రి మీదికి పోయింది, కళ్లు అలవాటుగా పైకి లేవబోయాయి. బలవంతంగా కిందికి దించాడు. గుర్రం యాడుంది, ఏనుగులు యాడున్నాయి, ఏ బంటు ఎటు చూస్తోంది. ముప్పై ఏళ్లుగా ఆడుతున్న బోర్డు, ఎవరో కొత్తగా తెచ్చి పరిచినట్టుంది. అంత సేపు ఒక ఎత్తుకు ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. మంత్రిని పెట్టాడు, వేలు తీశాడు. రహీం దాన్ని కొట్టలేదు. కొట్టే దారి లేదో, కొట్టలేకపోయాడో అని ఆదెప్ప బోర్డు మళ్లీ మొత్తం చూశాడు. దారి లేదు.

తర్వాత రహీం గుర్రాన్ని ఎత్తి ఒక గడిలో పెట్టాడు. ఆదెప్ప తల ఎత్తాడు. ఎత్తకుండా ఉండాల్సింది. రహీం చూపు దూది మిషను మీదుంది, దవడ ఉబ్బి ఉంది, పెదవులు ఒకసారి కదిలాయి. మాట రాలేదు. ఆదెప్ప బోర్డు వైపు తిరిగాడు. గుర్రం మంత్రి మీదే ఉంది. స్పష్టంగా ఉంది. చిన్నపిల్లవాడికి కూడా కనపడేటట్టుంది. మంత్రిని పక్క గడిలోకి తప్పించాడు.

రహీం వక్క పక్క దవడకు తోసుకుని, "రాసుకో. నీ ఎత్తే," అన్నాడు.

"నువ్వు పెదవి కదిపితివి."

"వక్క నమిల్నా."

ఆదెప్ప చీటీ తీశాడు, పెన్ను మూత తీశాడు. గుర్రం ముందు కనపడిందా, పెదవి ముందు కనపడిందా అని ఎంత వెనక్కి పోయి వెతికినా రెండూ ఒకేసారి వచ్చినట్టే ఉంది. రహీం మొగంలోకి చూశాడు. ఆ మొగం వక్క నములుతోంది.

"నిజంగా వక్కేనా అన్నా?"

"వక్కే అప్పా," అన్నాడు రహీం, ఇంకో గుర్రం మీద చెయ్యి వేస్తూ. "రాసుకో, రాసుకో."

ఆదెప్ప పెన్ను చీటీ మీద ఆనింది. అక్కడే ఉంది.